నాయకుడు మనవంటివాడు కావలెనా?

ఎన్నికల దినములు వచ్చినప్పుడెల్ల సిరిసిల్ల పట్టణమున నొక దృశ్యము తప్పక కానవచ్చుచుండును. అభ్యర్థి పరివారసమేతుడై నేతవాడలోనికి వచ్చి, సాంచెలు నడచుచున్న యొక కొట్టమున ప్రవేశించి, పనిచేయుచున్న కార్మికుని ప్రక్కకు జరిపి, వాని స్థానమున తాను నిలుచును. ఛాయాచిత్రములు తీయుదురు. పిమ్మట వీథిమొగమున నున్న చాయదుకాణపు బల్లపై కూర్చుండి అందరితోబాటు చాయ త్రాగును. మరునాడు పత్రికలందు ఈతడు మనవాడనియు, మనవలెనే మాటలాడుననియు పెద్ద యక్షరములలో ప్రకటింపబడును. ఈ విషయమున పత్రికలవారము నిర్దోషులమని చెప్పజాలము. ఆ చిత్రములను ముద్రించువారము మేమే కదా.

ఈ యాచారము సిరిసిల్లకే పరిమితమైనది కాదు. ప్రజాస్వామ్యమున్న దేశములన్నింటను నాయకుడు సామాన్యుని వేషము ధరించుట నేడొక విద్యగా పరిణమించినది. కాని సిరిసిల్ల నేతవాడలో ఈ ప్రశ్నకు గల బరువు వేఱు. అచ్చట ఒక్క తప్పుడు నిర్ణయమువలన వేలకొలది సాంచెలు నిలిచిపోవును. సాంచె నిలిచినయింట అప్పు పెరుగును. 1990 దశకపు చివరినుండి ఈ పట్టణపు నేతకార్మికుల ఆత్మహత్యలు దేశమంతట వార్తలయ్యెను. అట్టిచోట నాయకుడు మనవంటివాడై యుండిన చాలునా, మనకంటె అధికుడై యుండవలెనా యను విచారణ ఉబుసుపోకకు చేయునది కాదు.

ఇటీవల మేమొక ఆసామిని ఈ ప్రశ్నయే యడిగితిమి. ఆసామి యన నేమో యెఱుగని పాఠకులకొక మాట: స్వంత సాంచెలుండియు, నూలు యజమానియొద్ద తెచ్చుకొని, కూలికి బట్ట నేసియిచ్చువానిని సిరిసిల్లలో ఆసామి యందురు. ఆయన సాంచె ప్రక్కననే నిలిచి, "సాంచ ఖరాబైతె మంచిగ జేసెటోన్ని పిలుస్తం గని, మాలెక్కనె నోరు దెర్సుకొని సూసెటోన్ని పిలుస్తమా అయ్యా?" యని మమ్మే తిరిగి ప్రశ్నించెను. అగ్గిపెట్టెలో ఇమిడిపోవు చీరను నేసిన పనివాడు పుట్టిన యూరది. తన వృత్తియందు అసామాన్యమైన నేర్పును గుర్తించి గౌరవించు జనులు, రాజ్యాంగ వ్యవహారమున మాత్రము నేర్పు వలదనియు, పోలిక చాలుననియు ఏల యనవలెను?

సిరిసిల్లకు ఈ విషయమున నొక పూర్వకథ కలదు. 1935లో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ నాల్గవ సమావేశము ఈ యూరనే జరిగినది. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. దానితోపాటు జరిగిన మహిళాసభకు మాడపాటి మాణిక్యమ్మగారు అధ్యక్షత వహించిరి. అంతకు పూర్వము జోగిపేట, దేవరకొండ, ఖమ్మము పట్టణములలో మూడు సభలు జరిగియుండెను. బహిరంగసభ జరుపవలెనన్న ప్రభుత్వపు టనుమతి కావలెననెడి గస్తీ నిషాను 53 అమలునందున్న కాలమది. అనుమతి లభించినను రాజకీయముల జోలికి పోరాదు. అట్టి దినములలో నేతగాండ్రును, వర్తకులును, చిన్నరైతులును గల ఈ తాలూకా పట్టణమునకు తెలుగువారి మహాసభ వచ్చుట సామాన్యవిషయము కాదు.

హనుమంతరావుగారు ఆనాటి సిరిసిల్ల జనులవంటివారా? ఎంతమాత్రమును కారు. 1885లో కృష్ణామండలమున పొక్కునూరులో జన్మించి, బాల్యముననే తెలంగాణమునకు వచ్చి, ఉర్దూ ఫారసీ భాషలయందు నైపుణ్యము గడించి, హైదరాబాదున న్యాయవాదియైనవారు. గ్రామవాసికి వారి చదువు లేదు, వారి నివాసపు నగరము తెలియదు, వారు వాదించు న్యాయస్థానపు భాషయే తెలియదు. 1921 నవంబరులో హైదరాబాదునందలి వివేకవర్ధినీ మందిరమున సంఘసంస్కరణ సభ జరుగుచుండగా ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోయినపుడు సభాసదులు కొందఱు గేలిచేసిరి. ఆ యవమానము సహింపజాలని కొలదిమంది తెలుగువారు వెంటనే కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. హనుమంతరావుగారు అందులో ముఖ్యులు. ఆ కొలదిమందియు చదువుకొన్నవారే, పట్టణవాసులే.

అయితే వారు తమ యధికతతో నేమిచేసిరో చూడవలెను. నిజాం ప్రభుత్వపు శాసనములు, ఉత్తరువులు ఉర్దూలో నుండెను. వెట్టిచాకిరికి హద్దులు నిర్ణయించు ఉత్తరువులు ప్రభుత్వమే చేసియుండెను. కాని వెట్టిచేయువానికి వాని సంగతి తెలియదు, చేయించుకొనువాడు తెలుపడు. సంఘమువారు వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకస్వాతంత్ర్యమును గూర్చియు చిన్న పుస్తకములను తెలుగున ప్రకటించి గ్రామములకు పంపిరి. సర్కారు మాటనే సర్కారు నౌకరుకు చూపి, ఇదిగో నీ ప్రభుత్వమే ఇట్లు శాసించినదని యనగల ధైర్యము ఆ పుస్తకముల మూలమున పల్లెకు వచ్చెను. గ్రంథాలయములు వెలసెను. 1928లో నారాయణగూడలో బాలికలకు తెలుగున బోధించు పాఠశాల యేర్పడెను. తన యొద్దనున్న విద్యను జనుల సొత్తుగా మార్చుటయే ఆ నాయకత్వపు పని. మాడపాటివారు వెట్టివానివలె గొంగడి కప్పుకొని వాని ప్రక్కన కూర్చుండి చిత్రము తీయించుకొనియుండినచో, ఆ వెట్టివానికి ఒరుగునదేమి?

నాయకుని యధికతకు మేము పెట్టు పరీక్ష ఇదియే. ఆతనికి తెలిసినది మనకు తెలియజేసినాడా? ఆతనియొద్ద పదియేండ్లు నడచిన జనులు పదియేండ్లకు ముందుకంటె తలయెత్తి అధికారితో మాటలాడగలిగిరా? అట్లయినచో ఆతడు మనకంటె ఎంత గొప్పవాడైనను మనకు నష్టము లేదు. అట్లు కానిచో మనవలె చాయ త్రాగినను లాభము లేదు.

ఇందుకు ప్రతిపక్షము లేకపోలేదు. అది బలమైనది కూడ. ఆంధ్రమహాసభ తొలి సంవత్సరములలో వకీళ్ల సభయని పేరు మోసినది. తీర్మానములు చక్కగా వ్రాయుదురు. వినతిపత్రములు వినయముగా సమర్పింతురు. కాని దేశముఖు గడియలో కొరడాదెబ్బలు తినువాడు సభ్యుడు కాజాలడు. సభ్యత్వరుసుము రూపాయి. ఆనాడు రూపాయి యనగా కూలివాని చేతికి సులభముగా వచ్చునది కాదు. రావి నారాయణరెడ్డిగారి నాయకత్వమున ఆ రుసుము నాలుగణాలకు తగ్గింపబడెను. 1944లో భువనగిరి సభకు వారు అధ్యక్షులైన నాటికి మహాసభ గ్రామగ్రామమున సంఘమై నిలిచినది. మితవాదులు వేఱుపడిరి. ఆ చీలిక నేటికిని చర్చనీయాంశమే. కాని యొక సంగతి నిర్వివాదము: అసామాన్యులు తమలో తామే కూడి తలుపు మూసికొన్నచో వారి యసామాన్యత అలంకారమగును. తలుపు తీయించినది నాలుగణాల సభ్యులు.

తలుపు తీసినవారెవరు? సామాన్యులా? రావి నారాయణరెడ్డిగారు భూస్వామి కుటుంబమునందు జన్మించి స్వంతభూమిని పంచిపెట్టినవారు. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి పార్లమెంటునకు నిలిచి జవాహరులాలు నెహ్రూగారికంటె నెక్కువ వోట్లు పొందినవారు. అదే యెన్నికలలో కరీంనగరునుండి పార్లమెంటునకు పోయిన బద్దం ఎల్లారెడ్డిగారు ఈ సిరిసిల్ల ప్రాంతపు గాలిపెల్లి వాస్తవ్యులు. 1948 మార్చిలో నిజాం పోలీసులతో పోరి మరణించిన అనభేరి ప్రభాకరరావుగారు దేశముఖుల యింటివారు. వీరిలో ఒక్కరును జనులను పోలినవారు కారు. తమ పుట్టుక తమకిచ్చిన సుఖమును విడుచుట యనెడి పని సామాన్యులు చేయజాలనిది. అందువలననే జనులు వీరిని నమ్మిరి.

ఇచ్చట మా పాఠకులలో కొందఱకు సంతోషము కలుగుచుండవచ్చును. భూవసతి గలవారును, విద్యాధికులును అగు పెద్దలు, "నిజమే, పాలన మావంటివారికే తగు"నని తలయూపుచుండవచ్చును. వారు కొంచెము తాళవలెను. అధికత పుట్టుకతో వచ్చునని మేము చెప్పుటలేదు. ఆస్తియు, పన్నును, చదువును ఉన్నవానికే వోటుండిన బ్రిటిషు దినములు గడచినవి. 1951-52 ఎన్నికలలో చదువురాని స్త్రీపురుషులు కోట్లకొలది వోటుచేసి ఆ వాదమును పూడ్చిపెట్టిరి. పాలకుర్తి చాకలి ఐలమ్మకు బడిచదువు లేదు, భూవసతి లేదు. కౌలుకు దున్నుకొన్న పంటను విస్నూరు దేశముఖు మనుష్యులు పట్టుకొనిపోవచ్చినపుడు ఆమె సంఘపు బలముతో ఎదిరించి నిలిచి పంటను ఇంటికి చేర్చుకొనెను. ఆ వాడలోని యితరులు చేయజాలనిది ఆమె చేసినది. ఆమె సామాన్యకులమున జన్మించిన అసామాన్య. ఆమె పేరు చెప్పి, ఆమెవంటి వేషము వేసి, దొరయొద్దకు రాత్రి పోయి రాజీపడువానిని ఆమె వారసుడని యెట్లందుము?

పూర్వులును ఈ విచారము చేయకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున మొదటి యధికరణము పేరే వినయాధికారికము. వినయమనగా ఇచ్చట తలవంచుట కాదు, శిక్షణ. రాజైనవాడు విద్యలు నేర్చి, ఇంద్రియములు గెలిచి, పగటిని ఎనిమిది భాగములును రాత్రిని ఎనిమిది భాగములునుగా విభజించుకొని, ఏ భాగమున నేమి చేయవలెనో ఆ ప్రకారము నడువవలెనట. రాజు ప్రజలవలె మాటలాడవలెనని ఆ బ్రాహ్మణునకు తోచలేదు. యవనులలో ప్లేటో యను తత్త్వవేత్త, ఓడ నడుపువానిని ఓడలోనివారు వోటుచేసి యెన్నుకొందురా యని యెగతాళి చేసెను. ఆయన శిష్యుడు అరిస్టాటిలు మాత్రము గురువుగారికి తగిన సమాధానమే చెప్పెను: విందు రుచిని తినువాడు వంటవానికంటె బాగుగా నెఱుగును, ఇంటి సుఖము కట్టినవానికంటె కాపురమున్నవానికి తెలియును. ఇద్దరి మాటలును ఒప్పుకొనుటలో విరోధము మాకు కనబడదు. వంట చేయుటకు వంటవాడు కావలెను. రుచి చెప్పుటకు మనము చాలుదుము. మనకు వచ్చిన చిక్కేమనగా, నేడు వంటవాడు వంట మాని మన ప్రక్కన విస్తరి వేసికొని కూర్చుండి, నేనును మీవలె తినువాడనే యనుచున్నాడు, మనమును మురిసిపోవుచున్నాము.

గాంధీమహాత్ముని కొల్లాయిని ఈ సందర్భమున కొందఱు ముందుకు తెత్తురు. ఆయన సామాన్యునివలె నుండలేదా యందురు. 1921 సెప్టెంబరు 22వ తేదీన మధురలో ఆయన చొక్కా తలపాగలను విడిచి కొల్లాయి కట్టిన మాట నిజము. కాని ఆ కొల్లాయి ఒక దినపు చిత్రమునకై కట్టినది కాదు. దానినే కట్టి విలాయతులో చక్రవర్తి భవనమునకు పోయెను. ఒకనాడు రాటము ముట్టి విడువక, నూలు వడుకుట నేర్చి, నేర్పి, నిత్యము వడికెను. వేషమున సామాన్యుడు, నియమమున ఆయనవంటివాడు కోటికొకడు. సాంచె ముందు అర నిమిషము నిలుచువాడు ఆయన మార్గమున నడచుచున్నానని తలచుట మనకే కాదు, ఆ కొల్లాయికిని అపచారము.

అధికత ఒక్కటియే చాలునని కూడ మేమనము. మన కరీంనగరు మండలపు వంగరవాసి పాములపర్తి వేంకట నరసింహారావుగారిని తలచుకొందము. బహుభాషావేత్త, విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోనికి అనువదించిన పండితుడు. మంథనినుండి శాసనసభకు పోయి, 1971లో ముఖ్యమంత్రియై, 1991లో ప్రధానమంత్రి యైరి. జనసమూహమును ఉఱ్ఱూతలూగించు వాక్కు వారికి లేదు. మనవాడని యెవ్వరును భుజముపై చేయివేసి యుండరు. అయినను దేశపు ఖజానా అడుగంటిన వేళ ఆర్థికవ్యవహారమును మలుపు త్రిప్పినది వారి మంత్రివర్గమే. అట్లే 1992 డిసెంబరు 6వ తేదీన అయోధ్యలో మసీదు కూల్పబడినదియు వారి పాలనలోనే. పాండిత్యము గలవాడు తీర్పునందు తప్పడని చెప్పజాలము. 2024లో వారికి భారతరత్నము ప్రకటింపబడినప్పుడు ఈ మండలమున సంతోషించినవారిలో మేమును ఉంటిమి; అయినను లెక్కలో రెండవ పుటను చింపివేయ నిష్టపడము.

అంతకంటె పెద్ద ప్రమాదమొకటి కలదు. అసామాన్యుడని యెంచినవానిని దేవుని చేయుట మన జాతికి సులభము. 1949 నవంబరు 25వ తేదీన రాజ్యాంగసభలో అంబేడ్కరుగారు దీనినే హెచ్చరించిరి: మతమున భక్తి ముక్తికి దారియైన కావచ్చును గాని రాజకీయమున భక్తి పతనమునకును నిరంకుశత్వమునకును దారి తీయునని వారి యాశయము. పాలాభిషేకములు, నిలువెత్తు పటములు, పాదనమస్కారములు చూచుచున్న మనకు ఆ మాట వివరింప నక్కఱలేదు. చిత్రమేమనగా, ఈ పూజలు జరుగునది "మనవాడు" అని పొగడబడు నాయకునికే. నాయకుడు మనవంటివాడే యైనచో వానికి పాలాభిషేకమేల? పోలిక యను మాట పైకి సమానత్వమువలె కానవచ్చి లోపల భక్తికి పునాది యగుచున్నది. తనవాడు తప్పు చేసినను తనవాడే యను మమకారము దానివలన పుట్టును, ప్రశ్న చచ్చిపోవును. మనకంటె అధికుడని యెంచి పని యొప్పగించినవానిని మాత్రము పని యెట్లు జరిగినదని యడుగుట సహజము. వైద్యుని అడుగుదుము; బావమఱదిని అడుగము.

సిరిసిల్ల వోటర్లు ఈ వివేకమును చూపనివారు కారు. మారుపాక గ్రామమునుండి వచ్చిన చెన్నమనేని రాజేశ్వరరావుగారిని పలుమార్లు శాసనసభకు పంపిరి. నడుమ నడుమ ఓడించిరి కూడ. 2009లో ప్రథమముగా ఇచ్చట నిలిచిన కల్వకుంట్ల తారకరామారావుగారిని 171 వోట్ల యాధిక్యముతో మాత్రమే గెలిపించిరి. ఆయన నేతపని యెఱిగినవారు కారు, అమెరికాలో చదివి వచ్చినవారు. 2018లో ఆ యాధిక్యము 89,000 దాటెను. 2023లో 30,000కు లోపునకు దిగెను. ఇందుకు కారణములు పెక్కు. పక్షపు గాలి యొకటి, ప్రత్యేక రాష్ట్రోద్యమమొకటి. కాని మనిషి మారలేదు, ఆతని పోలిక మారలేదు. వోట్లు మాత్రము పెరిగి తరిగెను. జనులు పోలికనుగాక పనిని కూడ తూచుచున్నారనుటకు ఇది కొంత నిదర్శనము. ఈ వాక్యములను ఏ పక్షమువారును తమకనుకూలముగా చదువుకొనవలదని మనవి.

తూచవలసిన పని యెట్టిదో నేతవాడను చూచిన తెలియును. నూలు బయటి రాష్ట్రములనుండి రావలెను. దాని ధర అచ్చట నిర్ణయమగును. విద్యుత్తు రుసుము హైదరాబాదులో నిర్ణయమగును. పన్ను ఢిల్లీలో నిర్ణయమగును. బట్టకు గిరాకి భీవండి, సూరతుల పోటీవలన నిర్ణయమగును. ఆసామి చేతిలోనున్నది సాంచె నడపుట యొక్కటే. 2017నుండి ప్రభుత్వము బతుకమ్మ చీరలను ఇచ్చటనే నేయించెను. ఏటేట కోటికి దరిదాపుల చీరలు. పని దొరకెను, వలసపోయినవారు కొందఱు తిరిగివచ్చిరి. 2023 చివర ప్రభుత్వము మారిన పిమ్మట ఆ పథకము నిలిచెను. సాంచెలు పెక్కు నిలిచెను. తరువాత స్వయంసహాయక సంఘముల స్త్రీలకిచ్చు చీరల పేర మరల పని వచ్చెను. ఇచ్చినవారి నెవ్వరిని నిందింపము. కాని ఒక పట్టణపు బ్రతుకు ఒక్క కొనుగోలుదారుని సంతకముపై ఆధారపడియుండుట క్షేమమా? ప్రభుత్వపు చీరలు లేని నెలలలో అంగడిలో అమ్ముడుపోవు బట్టను సిరిసిల్లలో నేయించు దారి కనుగొనుటకు నూలు లెక్కలు తెలియవలెను, అంగడి తెలియవలెను, ఢిల్లీలో పన్ను సంగతి వాదింపగల చదువు కావలెను, అయిదేండ్లలో ఫలము కానరాకున్నను పట్టు విడువని యోర్పు కావలెను. ఇవన్నియు గల మనిషి మనవంటివాడు కాడు. మనవంటివాడైనచో మనమే చేసికొని యుందుము.

వార్డు సభ్యుని సంగతి వేఱు. నల్లా నీరు రాకున్న పిలిచిన పలుకు పొరుగువాడు, పొరుగునున్న స్త్రీ, అచ్చట తగినవారు. 1992నాటి రాజ్యాంగ సవరణల పిమ్మట స్థానికసంస్థలలోనికి వచ్చిన స్త్రీలు ఈ సంగతిని పలుచోట్ల నిరూపించిరి. శాసనసభకును పార్లమెంటునకును అదే కొలత చాలదు.

మేము సెలవు తీసికొనుచుండగా ఆ ఆసామిని, రాబోవు ఎన్నికలలో వోటడుగవచ్చువానిని ఏమి యడుగుదువని ప్రశ్నించితిమి. ఆయన చేతిలోని కండె మార్చుచు, "నూలు ధర పెరిగితె ఏం జేస్తవ్? కరెంటు బిల్లు సంగతి ఏంది? సర్కారు చీరెలు లేని నెల మాకు పని యాడికెల్లి తెస్తవ్? గీ మూడు జెప్పుమనుండ్రి. చాయ మేమే తాపిస్తం" అనెను. ఆ మూడు ప్రశ్నలను మేము వ్రాసికొని వచ్చితిమి. అభ్యర్థులు నిర్ణయమైన పిమ్మట పక్షభేదము లేక వారందరికిని పంపుదుము. వచ్చిన ప్రత్యుత్తరములను ఈ పుటలోనే ముద్రింతుము. రాని యెడల రాలేదనియు ముద్రింతుము. సాంచె యెదుట నిలిచిన చిత్రములకు ఈ తడవ చోటుండదు.